సోలిటాన్

ఆకారం చెదరకుండా, వేగం మారకుండా చాలా దూరం సాగిపోయే ఒంటరి తరంగాన్ని సోలిటాన్ అంటారు. ఏకాంత తరంగం అన్న పేరు కూడా వాడుకలో ఉంది. అయితే భౌతిక శాస్త్రజ్ఞులు ఈ రెండింటి మధ్య ఒక గీత గీస్తారు. ఒంటరిగా సాగే మూపు ఏదైనా ఏకాంత తరంగమే. తనలాంటి మరో తరంగాన్ని ఢీకొని, ఆ తరవాత కూడా పాత ఆకారంతో, పాత వేగంతో బయటపడేది మాత్రమే సోలిటాన్. కాలువ నీటిలో, సముద్రపు లోపలి పొరల్లో, ప్లాస్మాలో, గాజు తీగలోని కాంతిలో, పరమశూన్య ఉష్ణోగ్రతకు దగ్గరగా చల్లబరిచిన పరమాణువుల మేఘంలో సోలిటాన్లను ప్రయోగపూర్వకంగా చూశారు. ఇంత భిన్నమైన మాధ్యమాల్లో ఒకే ప్రవర్తన కనబడటానికి కారణం, వాటిని నడిపే సమీకరణాలు ఒకే కుటుంబానికి చెందినవి కావడమే. సోలిటాన్ మన్నిక మాత్రం షరతులతో కూడినది. మాధ్యమం తీరు, అది విస్తరించే దిశల సంఖ్య, చుట్టూ ఉన్న అలజడి, ఈ మూడూ అనుమతించినంత వరకే అది నిలుస్తుంది.

తరంగం చెదరడం, నిలవడం

నీటిలో రాయి వేస్తే పుట్టిన అల కొంతదూరం పోయేసరికి పలచబడి మాయమవుతుంది. ఘర్షణ ఒక్కటే దీనికి కారణం కాదు. ఏ మూపైనా వేరువేరు తరంగదైర్ఘ్యాలున్న అనేక అలల కలయిక. చాలా మాధ్యమాల్లో ఒక్కో తరంగదైర్ఘ్యం ఒక్కో వేగంతో పోతుంది. పరుగు పందెంలో గీత దగ్గర గుంపుగా ఉన్నవాళ్లు నాలుగు చుట్లు తిరిగేసరికి మైదానమంతా పరుచుకున్నట్టు, మూపులోని భాగాలు కూడా ఎడమై పోతాయి. ఈ గుణాన్ని విక్షేపణం అంటారు.

దీనికి ఎదురు పనిచేసే గుణం అరేఖీయత. అల చిన్నదైనప్పుడు దాని వేగానికీ ఎత్తుకూ సంబంధం ఉండదు. అల పెద్దదైతే లెక్క మారుతుంది. లోతు తక్కువ నీటిలో ఎత్తయిన భాగం పల్లంలో ఉన్న భాగం కన్నా వేగంగా కదులుతుంది. అందువల్ల అల ముందు ముఖం నిటారుగా లేచి, చివరికి విరిగి పడుతుంది. ఒడ్డుకు వచ్చే కెరటం విరగడానికి ప్రధాన కారణం ఇదే.

విక్షేపణం ఒక్కటే ఉంటే మూపు పరుచుకుంటుంది. అరేఖీయత ఒక్కటే ఉంటే విరిగిపోతుంది. ఒక నిర్దిష్టమైన ఎత్తు, వెడల్పుల దగ్గర ఈ రెండూ సరిగ్గా తూగితే మూపు ఉన్నది ఉన్నట్టుగా సాగుతుంది. ఎత్తు పెరిగితే వెడల్పు తగ్గాలి, వేగం పెరగాలి. సోలిటాన్ ఎత్తు తెలిస్తే మిగిలిన రెండూ తెలిసినట్టే.

చరిత్ర

సోలిటాన్‌ను మొదట గమనించినవాడు స్కాట్లండ్ ఇంజనీరు జాన్ స్కాట్ రస్సెల్. 1834 ఆగస్టులో ఎడిన్‌బరో దగ్గర యూనియన్ కాలువలో గుర్రాలు లాగుతున్న పడవ హఠాత్తుగా ఆగింది. పడవ ముక్కు దగ్గర పోగుపడిన నీరు నున్నని గుండ్రటి గుట్టగా మారి, పడవను విడిచి ముందుకు సాగింది. దాని పొడవు సుమారు 30 అడుగులు, ఎత్తు అడుగు నుంచి అడుగున్నర. రస్సెల్ గుర్రమెక్కి వెంట పడ్డాడు. గంటకు ఎనిమిది తొమ్మిది మైళ్ల వేగంతో పోతున్న ఆ గుట్ట మైలు, రెండు మైళ్ల తరవాత కాలువ మలుపుల్లో కనుమరుగైంది.

ఆయన అంతటితో వదిలిపెట్టలేదు. తొట్టెలు కట్టించి అలలను పుట్టించి కొలిచాడు. నీటి లోతుకు అల ఎత్తును కలిపి, ఆ మొత్తాన్ని గురుత్వ త్వరణంతో గుణించి, వర్గమూలం తీస్తే అల వేగం వస్తుందని తేల్చాడు. లోతు ఒకటిన్నర మీటర్లు, అల ఎత్తు 40 సెంటీమీటర్లు అనుకుంటే వేగం గంటకు సుమారు 15.5 కిలోమీటర్లు. ఈ ఫలితాలతో 1844లో ఆయన ఇచ్చిన నివేదికను జార్జ్ ఎయిరీ, జార్జ్ స్టోక్స్ వంటి నాటి ఉద్దండులు అనుమానంగా చూశారు. వారి సిద్ధాంతాల్లో అలాంటి శాశ్వతమైన అలకు చోటు లేదు. 1870లలో ఫ్రాన్స్‌లో జోసెఫ్ బూసినెస్క్, ఇంగ్లండ్‌లో లార్డ్ రేలీ రస్సెల్ మాట నిజమేనని గణితంతో చూపారు. 1895లో నెదర్లండ్స్‌కు చెందిన డీడెరిక్ కోర్టెవెగ్, ఆయన శిష్యుడు గుస్టావ్ డి వ్రీస్ ఆ అలను వర్ణించే సమీకరణాన్ని ప్రచురించారు. ఇప్పుడది వారిద్దరి పేరుతోనే చలామణిలో ఉంది.

తరవాత అరవై ఏళ్ల పాటు ఈ విషయం దాదాపు మూలన పడింది. దాన్ని మళ్లీ బయటికి తెచ్చింది కంప్యూటరు. 1950ల మొదట్లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో ఎన్రికో ఫెర్మీ, జాన్ పాస్తా, స్టానిస్లా ఉలామ్ మానియాక్ యంత్రం మీద ఒక లెక్క వేశారు. ప్రోగ్రాము రాసినది మేరీ సింగూ. స్ప్రింగులతో గొలుసుగా కట్టిన బరువుల వరసకు ఒక కంపనం ఇచ్చి, స్ప్రింగుల బలంలో కాస్త అరేఖీయతను కలిపితే, ఆ శక్తి కొంతకాలానికి అన్ని కంపనాలకూ సమానంగా పంచుకుపోతుందని వారు ఆశించారు. అలా జరగలేదు. శక్తి కొన్ని కంపనాల మధ్య తిరిగి తిరిగి, దాదాపు మొదటి స్థితికే వచ్చింది. ఈ నివేదిక 1955లో వెలువడేనాటికి ఫెర్మీ మరణించాడు.

ఆ చిక్కుముడిని 1965లో నార్మన్ జబుస్కీ, మార్టిన్ క్రుస్కల్ విప్పారు. ఆ గొలుసును దూరం నుంచి చూస్తే కోర్టెవెగ్-డి వ్రీస్ సమీకరణమే వస్తుందని గుర్తించి, దాన్ని కంప్యూటరు మీద నడిపారు. నున్నని ఒక అల ఎనిమిది మూపులుగా విడిపోయింది. ఎత్తయినవి పొట్టివాటిని దాటిపోతూ, ఒకదానిలోంచి ఒకటి చొచ్చుకుపోతూ, ఏమీ జరగనట్టు బయటికి వచ్చాయి. ఎలక్ట్రాన్, ప్రోటాన్ వంటి కణాల పేర్ల వరసలో వాటికి సోలిటాన్ అని పేరు పెట్టారు.

గణిత స్వరూపం

రెండు సోలిటాన్లు ఢీకొన్నప్పుడు వాటి ఎత్తులు ఊరికే కలిసిపోవు. కలయిక జరిగిన గుర్తు ఒక్కటే మిగులుతుంది. ఢీకొనకపోతే ఉండవలసిన చోటు కన్నా పొడవైనది కాస్త ముందుకు, పొట్టిది కాస్త వెనక్కు జరిగి ఉంటాయి. ఇంత క్రమశిక్షణకు మూలం ఆ సమీకరణానికి ఉన్న నిత్యత్వ నియమాలు. మామూలు వ్యవస్థలో ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి వంటి కొన్ని రాశులే మారకుండా ఉంటాయి. ఇక్కడ అలాంటి రాశులు అనంతంగా ఉంటాయి. అన్ని కట్టుబాట్ల మధ్య తరంగానికి చెదిరే దారి దొరకదు. ఇలాంటి వ్యవస్థలను సమాకలనీయ వ్యవస్థలు అంటారు.

1967లో గార్డ్‌నర్, గ్రీన్, క్రుస్కల్, మియురా ఈ సమీకరణానికి విలోమ పరిక్షేపణం అనే కచ్చితమైన సాధన పద్ధతిని కనుగొన్నారు. తొలి అల ఆకారాన్ని క్వాంటం యాంత్రికశాస్త్రంలోని ఒక గుంటగా భావించి, అందులో ఎన్ని బంధిత స్థాయిలు ఉన్నాయో లెక్కపెడితే చాలు. ఒక్కో స్థాయి ఒక్కో సోలిటాన్‌గా బయటికి వస్తుంది. మిగిలిన భాగం చిన్న అలలుగా చెదిరిపోతుంది. 1971లో ర్యోగో హిరోటా మరో సులువైన దారి చూపాడు. ఆ కాలంలోనే వ్లదిమిర్ జకరోవ్, అలెక్సీ షాబత్ 1967 నాటి విలోమ పరిక్షేపణ పద్ధతి అరేఖీయ శ్రోడింగర్ సమీకరణానికి కూడా వర్తిస్తుందని నిరూపించారు. కోర్టెవెగ్-డి వ్రీస్ సమీకరణం మూపు ఆకారాన్ని నేరుగా చెబుతుంది. శ్రోడింగర్ తరహా సమీకరణం వేగంగా ఊగే తరంగాన్ని కప్పి ఉండే పైగీతను వర్ణిస్తుంది. కాంతిలో, శీతల వాయువుల్లో పని చేసేది ఈ రెండోదే.

దీని సోలిటాన్లు రెండు రకాలు. తనను తాను కూడగట్టుకునే మాధ్యమంలో శూన్యం మీద వెలిగే మూపు ప్రకాశ సోలిటాన్. తనను తాను నెట్టుకునే మాధ్యమంలో ఏకరీతి నేపథ్యం మీద కదిలే గుంట చీకటి సోలిటాన్. గుంట అడుగు వరకూ పడితే అది కదలకుండా నిలుస్తుంది. లోతు తగ్గేకొద్దీ వేగం పెరిగి, ఆ మాధ్యమంలో ధ్వని వేగానికి దగ్గరవుతుంది.

బంగాళాఖాతంలో అంతర్గత సోలిటాన్లు

భూమి మీద చాలా పెద్ద సోలిటాన్లు సముద్రపు ఉపరితలం కింద సాగుతాయి. పైన వెచ్చని, ఉప్పు తక్కువైన తేలిక నీరు, కింద చల్లని బరువైన నీరు ఉన్నచోట రెండు పొరల సరిహద్దు ఊగుతుంది. బంగాళాఖాతం దీనికి అనువైన చోటు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ ఏటా దీనిలోకి మంచినీటిని కుమ్మరిస్తాయి. మహారాష్ట్రలోని చంద్రపూర్ మీద కురిసిన వాన సైతం ఇరై నది మీదుగా వార్ధాలోకి చేరుతుంది. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీరే చివరకు కోస్తా ఆంధ్ర తీరాన సముద్రపు పైపొరకు చేరుతుంది. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగాక తూర్పు తీరం వెంట దక్షిణంగా పారే ప్రవాహం ఉత్తరపు నదుల మంచినీటిని కూడా ఇటు మోసుకొస్తుంది.

అంకెలతో చూస్తే ఈ పొరల ప్రభావం తెలుస్తుంది. పైపొర 50 మీటర్లు, కింది పొర 1,000 మీటర్లు, రెండింటి సాంద్రతల తేడా అర శాతం అనుకుందాం. సరిహద్దు మీద సాగే పొడవైన అల వేగం సెకనుకు సుమారు ఒకటిన్నర మీటర్లు. మనిషి చురుకుగా నడిచే వేగం అంతే. అదే లోతులో ఉపరితలం మీద సాగే పొడవైన అల సెకనుకు 100 మీటర్లు పోతుంది. సాంద్రతలో తేడా తక్కువ కాబట్టి సరిహద్దును వెనక్కు లాగే బలం కూడా తక్కువ. అందుకే అంతర్గత తరంగాలు నెమ్మదిగా కదులుతాయి, పదుల మీటర్ల ఎత్తుకు ఎదుగుతాయి.

వీటిని పుట్టించేవి ఆటుపోట్లు. నీరు సముద్ర గర్భంలోని గట్ల మీదుగా, ఖండతీరపు అంచు మీదుగా అటూ ఇటూ పారినప్పుడు సరిహద్దు కుంగుతుంది. ఆ కుంగుబాటు సాగిపోతూ నిటారై సోలిటాన్ల వరసగా విడిపోతుంది. పెద్దది ముందు, చిన్నవి వెనక నడుస్తాయి. సుమారు 12 గంటల 25 నిమిషాలకు ఒక వరస పుడుతుంది కాబట్టి, పై లెక్క ప్రకారం రెండు వరసల మధ్య దూరం 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పైపొర పలచగా ఉన్నప్పుడు సోలిటాన్ కిందికి దిగిన గుంటలా ఉంటుంది. తీరానికి చేరి కింది పొర పలచబడితే గుంట నిలవలేక పైకి లేచే మూపులుగా మారుతుంది.

ఉపరితలం మీద వీటి ఎత్తు స్వల్పమే అయినా జాడ కనబడుతుంది. సోలిటాన్ పైన నీటి ప్రవాహం ఒకచోట కూడి, మరోచోట విడిపోతుంది. కూడినచోట చిరు అలలు చిమ్ముతూ నీరు గరుకుగా ఉంటుంది. విడిపోయినచోట నూనె పోసినట్టు నునుపుగా ఉంటుంది. ఈ గరుకు, నునుపు చారలు సముద్రం మీద సమాంతరంగా కిలోమీటర్ల కొద్దీ సాగుతాయి. 1975లో అపోలో-సోయుజ్ వ్యోమగాములు తీసిన అండమాన్ సముద్రపు చిత్రాల్లో ఈ చారలు ఉన్నాయి. 1980లో ఆల్‌ఫ్రెడ్ ఆస్‌బర్న్, టెరెన్స్ బర్చ్ అదే సముద్రంలో లోతున అమర్చిన పరికరాల కొలతలను ప్రచురించారు. 60 మీటర్ల ఎత్తుతో, సెకనుకు 2 మీటర్లకు మించిన వేగంతో సాగుతున్న ఆ తరంగాలు కోర్టెవెగ్-డి వ్రీస్ సిద్ధాంతానికి సరిపోయాయి.

ఆంధ్ర తీరంలో ఈ అధ్యయనం అంతకన్నా ముందే మొదలైంది. 1950ల మొదట్లో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆచార్యుడిగా వచ్చాడు. లోతుతోపాటు ఉష్ణోగ్రత ఎలా మారుతుందో తెలుసుకోవడానికి విశాఖపట్నం తీరంలో కొలతలు తీశారు. ఒకే చోట గంటల తరబడి కొలిస్తే ఫలానా ఉష్ణోగ్రత ఉన్న పొర ఒకే లోతులో నిలవడం లేదని, ఆటుపోట్ల లయలోనే పైకీ కిందికీ ఊగుతోందని తేలింది. ఈ ఫలితాన్ని లాఫాండ్, సి. పూర్ణచంద్రరావు కలిసి 1954లో విశ్వవిద్యాలయం వెలువరించిన సముద్ర శాస్త్ర సంపుటంలో ప్రచురించారు. సోలిటాన్ అన్న పేరు పుట్టడానికి అప్పటికి ఇంకా పదకొండేళ్లు ఉంది. వారు కొలిచిన ఆటుపోట్ల లయ గల అంతర్గత తరంగాలే నిటారై సోలిటాన్లుగా విడిపోయే మూల తరంగాలు.

ఈ తరంగాలు నౌకాదళానికీ ముఖ్యమే. నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే ధ్వని వేగం సెకనుకు సుమారు రెండున్నర నుంచి మూడు మీటర్లు మారుతుంది. పొరల సరిహద్దు పదుల మీటర్లు ఊగితే సోనార్ కిరణాల దారి తప్పుతుంది. 2021 ఏప్రిల్‌లో బాలి ఉత్తరాన 53 మందితో మునిగిన ఇండోనేషియా జలాంతర్గామి నంగాలా విషయంలో అంతర్గత తరంగం కారణమై ఉండవచ్చని అక్కడి నౌకాదళ అధికారులు అభిప్రాయపడ్డారు.

సునామీని సోలిటాన్‌గా వర్ణించడం తరచూ కనబడుతుంది. మూడు కిలోమీటర్ల లోతులో సునామీ వేగం గంటకు 600 కిలోమీటర్లు దాటుతుంది, తరంగదైర్ఘ్యం వందల కిలోమీటర్లు ఉండవచ్చు, ఎత్తు మాత్రం మీటరు లోపే. ఈ కొలతల దగ్గర విక్షేపణం, అరేఖీయత రెండూ చాలా బలహీనం. అవి ఒకదానితో ఒకటి తూగి సోలిటాన్ ఏర్పడటానికి కావలసినంత దూరం బంగాళాఖాతంలో లేదు. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రంలో 2007 అక్టోబరులో మొదలైన సునామీ హెచ్చరిక కేంద్రం వాడే నమూనాలకు అందుకే సోలిటాన్ సిద్ధాంతంతో పెద్దగా పని లేదు. తీరం దగ్గర లోతు తగ్గాక మాత్రం సునామీ ముందు అంచు సోలిటాన్ల వంటి చిన్న మూపులుగా చీలడం జరుగుతుంది.

ప్లాస్మాలో, కాంతిలో

ప్లాస్మాలో అయాన్ల సాంద్రత తరంగాలు కోర్టెవెగ్-డి వ్రీస్ సమీకరణాన్ని పాటిస్తాయని 1966లో వాషిమి, తనియుతి చూపారు. 1970లో ఇకేజీ, టేలర్, బేకర్ ప్రయోగశాలలో ఆ సోలిటాన్లను పుట్టించారు. సూక్ష్మ ధూళి కణాలు కలిసిన ప్లాస్మాలో మరింత నెమ్మదైన తరంగాలుంటాయని 1990లో ఎన్.ఎన్. రావు, పి.కె. శుక్లా, ఎం.వై. యు సిద్ధాంతీకరించారు. బరువైన ధూళి కణాలు ఎంత నిదానంగా కదులుతాయంటే, ఈ తరంగాలను మామూలు వీడియో కెమెరాతో చిత్రీకరించవచ్చు. గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2008లో ధూళి ప్లాస్మాలో ఏకాంత తరంగాలను కొలిచి ఫలితాలు ప్రచురించారు.

గాజు తీగలో కాంతి స్పందన కూడా విక్షేపణం వల్ల పరుచుకుంటుంది. కాంతి తీవ్రత పెరిగితే గాజు వక్రీభవన గుణకం రవ్వంత పెరుగుతుంది. ఇదే ఇక్కడి అరేఖీయత. ఈ రెండింటినీ తూచి సోలిటాన్ స్పందనలు పంపవచ్చని 1973లో అకిరా హసెగావా, ఫ్రెడరిక్ టాపర్ట్ ప్రతిపాదించారు. 1980లో బెల్ ప్రయోగశాలలో మోలెనావర్, స్టోలెన్, గోర్డన్ దాన్ని చేసి చూపారు. దూర సమాచార రంగంలో సోలిటాన్ ఆశించినంత చోటు దక్కించుకోలేదు. తీగలో కాంతిని పెంచే యాంప్లిఫయర్ల రొద వల్ల స్పందనల రాక సమయం తడబడుతుందని 1986లో గోర్డన్, హాస్ లెక్కగట్టారు. విక్షేపణాన్ని సరిదిద్దే ఇతర పద్ధతులు చవకగా వచ్చాయి. అతి స్వల్పకాల స్పందనలిచ్చే లేజర్లలో, చిన్న చిప్‌ల మీద తయారయ్యే కచ్చితమైన పౌనఃపున్య దువ్వెనల్లో సోలిటాన్‌కు స్థిరమైన చోటు దొరికింది.

అతిశీతల వాయువుల్లో

1924లో ఢాకాలో పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాలకు కొత్త గణన పద్ధతి ఇచ్చాడు. ఐన్‌స్టీన్ దాన్ని పరమాణువులకు విస్తరించి, తగినంత చల్లబరిస్తే అవన్నీ ఒకే క్వాంటం స్థితిలోకి చేరతాయని 1925లో చెప్పాడు. 1995 జూన్‌లో అమెరికాలోని బోల్డర్‌లో ఎరిక్ కోర్నెల్, కార్ల్ వైమన్ రుబీడియంతో, ఆ ఏడాదే వోల్ఫ్‌గాంగ్ కెటర్లీ సోడియంతో దాన్ని సాధించారు. 2001 నోబెల్ బహుమతి ఈ ముగ్గురికీ దక్కింది.

బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్‌లోని పరమాణువులన్నిటినీ ఒకే తరంగ ప్రమేయంతో వర్ణించవచ్చు. 1961లో యూజీన్ గ్రాస్, లెవ్ పితయెవ్‌స్కీ విడివిడిగా రాసిన సమీకరణం ఆ పని చేస్తుంది. అది అరేఖీయ శ్రోడింగర్ సమీకరణమే. పరమాణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటే అరేఖీయతకు ఒక గుర్తు, లాక్కుంటే మరో గుర్తు. ప్రయోగశాలలో అయస్కాంత క్షేత్రాన్ని మార్చి ఆ గుర్తునే మార్చవచ్చు. ఫెష్‌బాక్ అనునాదం అనే ఈ పద్ధతి వల్ల శీతల వాయువుల్లో అరేఖీయతను కోరుకున్నట్టు తిప్పగల వీలు దొరికింది. నీటిలో ఇది అసాధ్యం.

నెట్టుకునే కండెన్సేట్‌లో చీకటి సోలిటాన్లను 1999లో జర్మనీలోని హానోవర్ బృందం, 2000లో అమెరికా ప్రమాణాల సంస్థ బృందం సృష్టించాయి. కండెన్సేట్ సగభాగం మీద క్షణకాలం లేజర్ కాంతి వేస్తే ఆ సగంలో తరంగ దశ మారుతుంది. రెండు సగాల దశలు కలవని చోట సాంద్రత పడిపోయి గుంట ఏర్పడుతుంది. ఈ గుంట పరమాణువులు లేని చోటు కాబట్టి వింతగా ప్రవర్తిస్తుంది. శక్తి కోల్పోయేకొద్దీ వేగం పుంజుకుంటుంది. పరమాణువులను పట్టి ఉంచే పొడవాటి బోనులో అది అటూ ఇటూ ఊగే పౌనఃపున్యం పరమాణువుల సహజ పౌనఃపున్యాన్ని రెండు వర్గమూలంతో భాగించినంత ఉంటుందని 2000లో బుష్, ఆంగ్లిన్ లెక్కించారు. 2008లో హాంబర్గ్ ప్రయోగం ఆ ఊగుడును నేరుగా చూసింది.

ప్రకాశ సోలిటాన్లు 2002లో ఒకేసారి రెండు చోట్ల వచ్చాయి. రెండు చోట్లా వాడినది లిథియం-7. పారిస్ బృందం ఒక సోలిటాన్‌ను లేజర్ కాంతి గొట్టంలో 1.1 మిల్లీమీటర్ల దూరం చెదరకుండా నడిపింది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రాండల్ హ్యూలెట్ బృందానికి ఏకంగా ఒక వరస దొరికింది. నెట్టుకునే స్థితిలో తయారైన కండెన్సేట్‌ను హఠాత్తుగా లాక్కునే స్థితికి మార్చగానే అది ముక్కలైంది. ఆ ముక్కలు బోనులో అటూ ఇటూ ఊగాయి. చివర్లకు చేరినప్పుడు దగ్గరగా గుమిగూడి, మధ్యలో ఎడమయ్యాయి. పక్కపక్కవి ఒకదాన్నొకటి నెట్టుకున్నట్టే ఎడం పాటించాయి. పక్కపక్క సోలిటాన్ల తరంగ దశలు ఎదురెదురుగా ఉండటమే దీనికి కారణమని తేల్చారు.

2014లో అదే ప్రయోగశాల రెండు సోలిటాన్లు ఢీకొనడాన్ని ఫొటోలు తీసింది. దశలు కలిసినప్పుడు మధ్యలో సాంద్రత ఒక్కసారిగా పెరిగింది. ఎదురెదురైనప్పుడు మధ్యలో ఎప్పుడూ ఖాళీయే కనబడింది. చూసేవారికి అవి తగిలి వెనక్కు వచ్చినట్టే ఉంటుంది. పరమాణువుల సంఖ్యలో తేడా ఉన్న సోలిటాన్లను వాడి చూస్తే రెండు సందర్భాల్లోనూ అవి ఒకదానిలోంచి ఒకటి దాటిపోతున్నాయని రుజువైంది.

ఫెర్మీ కణాల వాయువులో కథ మరో మలుపు తిరిగింది. 2013లో ఎంఐటీ బృందం లిథియం-6 అతిప్రవాహిలో అనుకున్న దానికన్నా ఎన్నో రెట్లు నెమ్మదిగా ఊగే బరువైన సోలిటాన్లను చూశామని ప్రకటించింది. మరుసటి ఏడాది మరింత నిశితంగా పరిశీలించి, అవి చీకటి సోలిటాన్ చెదిరి ఏర్పడిన సుడులని అదే బృందం తేల్చింది.

స్థిరత్వం

సోలిటాన్ నిలుస్తుందా, కూలుతుందా అన్నది ముఖ్యంగా అది ఎన్ని దిశల్లో విస్తరించగలదన్న దాని మీద ఆధారపడుతుంది. లాక్కునే పరమాణువుల మేఘాన్ని తీసుకుందాం. మేఘం కుంచించుకుంటే క్వాంటం చలనశక్తి పరిమాణపు వర్గానికి విలోమంగా పెరిగి వెలుపలికి నెడుతుంది. ఆకర్షణ శక్తి ఒక దిశలో పరిమాణానికి, రెండు దిశల్లో దాని వర్గానికి, మూడు దిశల్లో ఘనానికి విలోమంగా పెరిగి లోపలికి లాగుతుంది. ఒక దిశలో నెట్టుడు గెలుస్తుంది, మేఘం ఒక పరిమాణం దగ్గర స్థిరపడుతుంది. మూడు దిశల్లో లాగుడు గెలుస్తుంది, మేఘం కూలుతుంది. రెండు దిశల్లో రెండూ సమవుజ్జీలు. అక్కడ ఒకే ఒక నిర్దిష్ట సంఖ్య దగ్గర మాత్రం సమతూకం కుదురుతుంది. 1964లో చియావో, గార్మైర్, టౌన్స్ కాంతిపుంజానికి దీన్ని లెక్కించారు కాబట్టి దాన్ని టౌన్స్ సోలిటాన్ అంటారు. శీతల వాయువుల్లో దీన్ని 2020 తరవాత గాని చూడలేకపోయారు.

ఇదే విషయాన్ని 1973లో వఖితోవ్, కొలొకొలోవ్ ఒక పరీక్షగా మలిచారు. బంధన శక్తి పెరిగేకొద్దీ సోలిటాన్‌లో ఇమిడే కణాల సంఖ్య పెరిగితే అది స్థిరం, తగ్గితే అస్థిరం. ప్రకాశ సోలిటాన్ల మీద పని చేసేవారు మొదట చూసేది ఈ పరీక్షనే.

మూడు దిశల్లోనూ బోను ఉంటే తక్కువ సంఖ్యలో పరమాణువులు బతికి బయటపడతాయి. 1997లో హ్యూలెట్ బృందపు లిథియం కండెన్సేట్‌లో 650 నుంచి 1,300 వరకే పరమాణువులు నిలిచాయి. సంఖ్య పరిమితి దాటితే ఏం జరుగుతుందో 2001లో బోల్డర్‌లో రుబీడియం-85తో చూశారు. మేఘం లోపలికి కూలి, కొన్ని పరమాణువులను ధారలుగా చిమ్మి, మిగతాది చిన్న ముద్దగా మిగిలింది. నక్షత్ర విస్ఫోటనాన్ని తలపించే ఈ ఘటనకు బోసెనోవా అని పేరు వచ్చింది. మిగిలిన ముద్దలో అనేక సోలిటాన్లున్నాయని 2006లో తేలింది.

చీకటి సోలిటాన్ అస్థిరత వేరే రకం. అది వెడల్పాటి మాధ్యమంలో గోడలా నిలబడుతుంది. ఆ గోడ పాములా వంకర్లు తిరిగి, చివరకు సుడులుగా తెగిపోతుంది. 2001లో బోల్డర్‌లో ఇలా ఏర్పడిన సుడి వలయాలను ఫొటో తీశారు. బోనును సన్నగా చేసి పక్కదిశల కదలికను బిగిస్తే గోడకు వంగే చోటు ఉండదు. చీకటి సోలిటాన్ ప్రయోగాల్లో సన్నటి పొడవాటి బోనులు వాడటం ఇందుకే. నీటి సోలిటాన్‌కు పక్కదిశల వంకరలు తట్టుకునే శక్తి ఉందో లేదో 1970లో కదోమ్‌త్సెవ్, పెత్వియాష్విలి పరిశీలించారు. విక్షేపణం గుర్తును బట్టి జవాబు మారుతుందని, మామూలు నీటి అలలకు ఆ శక్తి ఉందని తేల్చారు.

అస్థిరత్వమే కొన్నిసార్లు సోలిటాన్లకు పుట్టిల్లు. ఏకరీతిగా సాగే అలల వరసలో చిన్న హెచ్చుతగ్గులు పెరిగి వరసను గుంపులుగా విడగొడతాయని 1967లో బెంజమిన్, ఫీర్ చూపారు. రైస్ ప్రయోగంలో కండెన్సేట్ ముక్కలు కావడానికి మూలం ఇదే. నడి సముద్రంలో హఠాత్తుగా లేచే రాక్షస కెరటాలకూ ఇది ఒక కారణమని చాలామంది భావిస్తారు. అలా లేచి మాయమయ్యే సాధనను 1983లో పెరెగ్రిన్ ఇచ్చాడు. 2010లో గాజు తీగలో, 2011లో నీటి తొట్టెలో దాన్ని పుట్టించి చూశారు.

కూలే మేఘాన్ని నిలబెట్టే మరో దారిని 2015లో దిమిత్రి పెత్రోవ్ సూచించాడు. రెండు రకాల పరమాణువులను కలిపి, ఆకర్షణను దాదాపు రద్దయ్యేలా సర్దితే, మామూలుగా పట్టించుకోని క్వాంటం ఒడుదొడుకులు ముందుకొచ్చి కూలడాన్ని ఆపుతాయి. మూడు దిశల్లోనూ బోను లేకుండా నిలిచే ద్రవపు బొట్టు ఏర్పడుతుంది. అయస్కాంత గుణం బలంగా ఉన్న డిస్ప్రోసియంతో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, పొటాషియంతో 2018లో స్పెయిన్‌లోని బార్సెలోనా దగ్గర ఈ బొట్లను సాధించారు.

మన దేశంలో పరిశోధన

సోలిటాన్ సిద్ధాంతంలో భారతీయుల కృషికి తిరుచిరాపల్లిలోని భారతిదాసన్ విశ్వవిద్యాలయం పెద్ద కేంద్రం. అయస్కాంత స్పిన్ గొలుసు అరేఖీయ శ్రోడింగర్ సమీకరణానికి సమానమని 1977లో ఎం. లక్ష్మణన్ చూపాడు. 1997లో రాధాకృష్ణన్, లక్ష్మణన్, హియెటరింటా జంట సోలిటాన్లు ఢీకొన్నప్పుడు తమలోని భాగాల మధ్య శక్తిని పంచుకోగలవని కనుగొన్నారు. ఢీకొన్నా ఏమీ మారదన్న పాత నమ్మకానికి ఇది మినహాయింపు, కాంతితో లెక్కలు చేయాలన్న ఆలోచనకు పునాది.

హైదరాబాదు విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్ర విభాగం కచ్చితమైన సాధనల వైపు మొగ్గింది. బయటి నుంచి నిరంతరం ప్రేరణ అందే అరేఖీయ శ్రోడింగర్ సమీకరణానికి ఏకాంత తరంగ సాధనలను టి. సోలమన్ రాజు, సి. నాగరాజ కుమార్, ప్రశాంత కె. పాణిగ్రాహి 2005లో ప్రచురించారు. అరేఖీయత, బోను కాలంతో పాటు మారుతున్నప్పుడు కండెన్సేట్ సోలిటాన్‌ను కుదించడం, వేగం పెంచడం ఎలాగో 2006లో ఆత్రే, పాణిగ్రాహి, జి.ఎస్. అగర్వాల్ వివరించారు. అగర్వాల్ అంతకుముందు చాలా ఏళ్లు హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడు.

తేలవలసినవి

నిజమైన మాధ్యమం ఏదీ పూర్తిగా సమాకలనీయం కాదు. ఘర్షణ ఉంటుంది, అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది, బోను నుంచి పరమాణువులు జారిపోతాయి. అలాంటి చోట సోలిటాన్ ఎంతకాలం బతుకుతుందో, ఏ దారిలో చెదురుతుందో చెప్పడమే ఇప్పటి సిద్ధాంతకర్తల ముందున్న ప్రధానమైన పని. సోలిటాన్‌ను ఒకే తరంగంగా కాక వేల పరమాణువుల క్వాంటం సమూహంగా చూస్తే, దాని స్థానానికే అనిశ్చితి అంటుకుంటుంది. కొద్ది పరమాణువులున్న సోలిటాన్‌ను ఏకకాలంలో రెండు చోట్ల ఉండే స్థితిలోకి తేవాలన్న ప్రతిపాదనలు ఇంకా ప్రయోగ దశకు పూర్తిగా చేరలేదు. సముద్ర శాస్త్రంలో సమస్య మరింత లౌకికమైనది. అంతర్గత సోలిటాన్లు తీరపు అంచున విరిగినప్పుడు కింది పొరలోని చల్లని నీరు, పోషకాలు పైకి వస్తాయి, చేపల మేత దాని మీద ఆధారపడుతుంది. బంగాళాఖాతంలో వర్షాలు, నదీ ప్రవాహాలు మారితే పైపొర మందం, ఉప్పదనం మారతాయి. అప్పుడు ఈ తరంగాలు ఎక్కడ పుడతాయో, ఎక్కడ విరుగుతాయో ముందే అంచనా వేయగల నమూనాలు కావాలి.